చీటీ బీరువాలో, పేషెంటు వార్డులో

రాత్రి రెండు గంటలప్పుడు అరవై దాటిన ఒకావిడను స్పృహ లేని స్థితిలో మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు. చూస్తే షుగర్ 34. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచింది. "ఏం మాత్రలు వాడుతున్నారు పెద్దమ్మా?" అని అడిగితే, "పొద్దున తెల్లది, రాత్రి చిన్నది సార్" అంది. వెంట వచ్చిన మనవడికి అంతకు మించి తెలియదు. తెల్లారకముందే మళ్లీ షుగర్ పడిపోయింది.

మధ్యాహ్నానికి కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇంటికి వెళ్లి బీరువాలోని ప్లాస్టిక్ కవరు పట్టుకొచ్చాడు. మూడు వారాల క్రితం పక్క జిల్లాలో ఇంకో ప్రభుత్వాసుపత్రిలో ఆవిడ ఐదు రోజులు ఉందట. డిశ్చార్జ్ సమ్మరీలో క్రియాటినిన్ 3.2 అనీ, గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర ఆపేయాలనీ స్పష్టంగా రాసి ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఆ మాత్ర ప్రభావం త్వరగా పోదు. గ్లూకోజ్ ఎక్కించి లేపినా, గంటల తర్వాత మళ్లీ షుగర్‌ను కిందికి లాగేస్తుంది. ఇంట్లోవాళ్లు మందుల షాపులో పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకున్నారు. అక్కడి డాక్టరూ నేనూ ఒకే ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటున్నాం. ఆయన రాసిన ఒక్క వాక్యం నా దాకా రావడానికి ఒక బస్సు ప్రయాణం పట్టింది.

దీనికి మందుగానే 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టారు. ఆభా అనే 14 అంకెల నంబరు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ నంబరు తీసుకుంటే మన రికార్డులన్నీ ఢిల్లీలో ఏదో కంప్యూటర్‌లోకి చేరిపోతాయని కొందరి భయం. తీసుకున్నాం కాబట్టి ఏ డాక్టరైనా అన్నీ చూసేస్తారని ఇంకొందరి ధీమా. రెండూ నిజం కాదు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. మీరు ఒప్పుకుంటే, ఒప్పుకున్నంత కాలానికి, ఒప్పుకున్న వివరాలు మాత్రమే ఇంకో డాక్టరుకు కనబడతాయి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద ఇది మంచి ఏర్పాటని నా నమ్మకం.

కానీ ఆభా నంబరు ఇంటి అడ్రసు లాంటిదే. ఇంట్లో సామాను ఎవరో ఒకరు సర్దాలి కదా! ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ త్వరగా వస్తుంది, క్యూ తగ్గుతుంది. సంతోషమే. ఆ టోకెన్‌తో లోపలికి వచ్చాక నేను రాసేది మాత్రం కాగితం మీదే. వంద మందికి పైగా వేచి ఉన్న ఓపీలో ఒక్కొక్కరికి నాకు దొరికేది రెండు మూడు నిమిషాలు. పేషెంటు ముఖం చూడాలా, కీబోర్డు చూడాలా? 'డాక్టర్లు కంప్యూటర్‌కు అలవాటు పడాలి' అనే ఉపన్యాసం మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. టైపు చేయడానికి ఒక మనిషిని ఇస్తామన్న మాట ఒక్కసారీ వినలేదు.

ఇది మనవల్ల కాని పనేం కాదు. క్షయ రోగుల కోసం 2012లో వచ్చిన నిక్షయ్‌నే చూడండి. మందులు మొదలుపెట్టిన కూలీ పని కోసం శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వెళ్తే, అతని వివరాలను కొత్త కేంద్రానికి బదిలీ చేయొచ్చు. అక్కడ మళ్లీ మొదటి నుంచి అడగనక్కర్లేదు. ఒక్క జబ్బుకు చేయగలిగాం. మరోవైపు ఊళ్లో ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. అదే మనిషి పక్షవాతంతో మా దగ్గరికి వస్తే ఆ అంకెలు నా ముందుకు రావు. అన్నీ ఒకేసారి కావాలని నేనడగను. డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టు, ఫార్మసీలో ఇచ్చిన మందులు, ఈ మూడూ అన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఒకరికొకరికి కనబడితే చాలు. మా పెద్దమ్మకు రెండోసారి షుగర్ పడిపోయేది కాదు.

అనుమతి సంగతి ఇంతకంటే కష్టం. కౌంటర్ దగ్గర "ఓటీపీ చెప్పమ్మా" అంటారు, ఆమె చెబుతుంది. దేనికి ఒప్పుకున్నదో ఆమెకు తెలియదు, అడిగినవాడికీ చెప్పే తీరిక లేదు. పైగా ఆ ఓటీపీ వచ్చేది ఎవరి ఫోన్‌కి? చాలా ఇళ్లలో భార్య ఆధార్‌కు భర్త నంబరో, కొడుకు నంబరో ఉంటుంది. అబార్షన్ కోసం వచ్చిన అమ్మాయి, డిప్రెషన్‌కు మందులు వాడుతున్న కోడలు, హెచ్ఐవీ ఉన్న మనిషి, వీళ్లు నాకు చెప్పిన మాట నాతోనే ఆగాలి. హెచ్ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య చట్టం రెండూ 2017లోనే ఆ గోప్యతను హక్కుగా ఇచ్చాయి. ఆ రికార్డు ఇంకొకరి ఫోన్‌లో తెరుచుకుంటే ఆ హక్కుకు విలువేముంది? భయపడ్డ పేషెంటు నిజం చెప్పడు, లేదా ఆసుపత్రికే రాడు. ఇంగ్లండ్‌లో జనం రికార్డులను ఒకచోట చేర్చాలని తలపెట్టిన కేర్.డేటా పథకాన్ని, ఎవరికి చూపిస్తారో సరిగా చెప్పలేదన్న విమర్శల మధ్య 2016లో మూసేశారు. మన దగ్గర 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగితే పనులన్నీ రోజుల తరబడి చేతిరాతతో నడిపారు.

మరి స్పృహ లేని మనిషి అనుమతి ఎలా ఇస్తాడు? నా అభిప్రాయం చెబుతాను. ప్రాణాపాయంలో డాక్టరుకు కనబడాల్సినవి కొన్నే: వాడుతున్న మందులు, పడని మందులు, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులు. ఇంగ్లండ్‌లో ఇలాంటి చిన్న రికార్డు వేరుగా ఉంది. దాన్ని ముందే మనిషి ఒప్పుకోలుతో సిద్ధం చేయాలి. ఎవరు, ఎప్పుడు తెరిచారో పేషెంటుకు తెలియాలి. మిగతా చరిత్రంతా అతను చెబితేనే తెరుచుకోవాలి.

'మేం వెళ్లేది ప్రైవేటుకు, మాకెందుకీ గొడవ' అనుకోకండి. రోడ్డు ప్రమాదం జరిగితే 108 వాహనం మిమ్మల్ని తెచ్చేది మా దగ్గరికే కావచ్చు. ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలు ముందు వచ్చేదీ ఇక్కడికే. ఇంకో మాట. ఇన్‌పేషెంటుగా ఉన్నవాళ్లు అడిగితే రికార్డు కాపీలను 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రి ఏదైనా, మొహమాటపడకుండా అడగండి.

పెద్దమ్మ ఐదో రోజు ఇంటికి వెళ్లింది. పాత చీటీ మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి, కొత్త చీటీలో 'కిడ్నీ జబ్బు ఉంది, గ్లిబెన్‌క్లమైడ్ ఇవ్వకూడదు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. కొడుకు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో చెల్లెలికీ, మందుల షాపతనికీ పంపాడు.