మేం "తదితరులం" కాము

పెద్ద పండగ వస్తోంది. సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. హైస్కూలు స్వర్ణోత్సవాలట. పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనమట. సంక్రాంతికి ప్రత్యేక సంచిక విడుదలట.

కమిటీవాళ్ళు రసీదు పుస్తకాలు పట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు. వెనకట్టకి ఒక రేటు, లోపలట్టకి ఒక రేటు, నిండు పేజీకి ఒకటి, అరపేజీకి ఒకటి. రైసుమిల్లువాళ్ళు పేజీ కొన్నారు. ఎరువుల కొట్టువాళ్ళు కొన్నారు. ప్లాట్లు వేసి అమ్మేవాళ్ళు వెనకట్ట కొన్నారు. ఈసారి పల్లెలోకి కూడా వచ్చారు. "మీరూ ఆ బళ్ళో చదివినవాళ్ళే కదా, ఇంటికో కాపీ తీసుకోండి" అన్నారు.

తీసుకుంటాం. కానీ ముందు ఒక మాట అడుగుతాం. ఆ పుస్తకంలో మేం ఎక్కడున్నాం?

ఊరికే అడగటం లేదు. ఇదే బడి ఇరవై అయిదేళ్ళ పండగప్పుడు వేసిన సంచిక మా దగ్గరుంది. మొదటి పేజీలో స్థలమిచ్చిన ఆయన ఫోటో, నిండు పేజీ. ఆ స్థలంలో రాళ్ళు మోసినవాళ్ళ గురించి ఒక్క లైను లేదు. తర్వాత సర్పంచులు, హెడ్మాస్టర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, అమెరికాలో ఉన్న అబ్బాయిలు. అందరి పేర్లకీ తోకలున్నాయి. ముప్ఫయ్యో పేజీలో బడి తెరిచిన ఏడాది తీసిన గ్రూపు ఫోటో. కింద వరసగా పేర్లు. ముందు వరస పేర్లున్నాయి, మధ్య వరస పేర్లున్నాయి. వెనక వరసకి వచ్చేసరికి ఒకటే మాట: "తదితరులు".

మా పల్లెలో ఒక పెద్దమ్మ ఉంది. ఆ బడి మొదటి బ్యాచి. ఎనిమిదో క్లాసులో మిరప కోతలకి పోవాల్సొచ్చి చదువు మానేసింది. మొన్న ఆమెకి ఆ ఫోటో చూపించాం. వేలుపెట్టి వెనక వరస వెంబడి వెతుక్కుని, "ఇదిగో, ఇది నేనే" అంది. ఇరవై అయిదేళ్ళుగా ఆ పుస్తకం ఊళ్ళో ఉంది. తన ఫోటో అందులో ఉందని ఆమెకి మొన్నటిదాకా తెలియదు. ఆమె పేరు ఇక్కడ రాయం. ఆ పేరు రావాల్సింది బడి పుస్తకంలో.

బడికి మా పేర్లు తెలియవా? బాగా తెలుసు. అడ్మిషన్ రిజిస్టరులో రాసుకుంది. స్కాలర్‌షిప్పు ఫారంలో రాసుకుంది. టీసీలో రాసిచ్చింది. మా కులం రాయటానికి ప్రతి కాగితంలోనూ గడి దొరికింది. మా పేరు రాయటానికి సావనీరులో జాగా దొరకలేదా?

"పండగపూట కులం ఎందుకయ్యా తెస్తారు? బళ్ళో అందరం ఒకటే కదా" అంటారు పెద్దమనుషులు. మేం తేలేదు బాబూ. వెనక వరసలో నిలబెట్టినప్పుడు వచ్చింది. కుండ ముట్టుకోవద్దన్నప్పుడు వచ్చింది. అందరం ఒకటే అయితే అందరి పేర్లూ వెయ్యండి. అంతే మేం అడిగేది.

అంబేడ్కర్ సాతారాలో చదువుకునే రోజుల్లో క్లాసులో ఒక మూల గోనెపట్టా మీద కూర్చునేవాడు. బడి ఊడ్చే మనిషి కూడా ఆ పట్టాని ముట్టుకోడు కాబట్టి రోజూ సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకుపోవాల్సొచ్చేది. ప్యూను వచ్చి నీళ్ళు పోస్తేనే దాహం తీరేది, లేకపోతే లేదు. ఈ సంగతి ఏ బడి సావనీరైనా రాస్తుందా? రాయదు. ఆయనే రాసుకున్నాడు కాబట్టి మనకి తెలిసింది. జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి 1848లో పూణేలో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఫూలేల బళ్ళో చదివిన మాంగ్ కులం పిల్ల ముక్తా సాల్వే, పద్నాలుగేళ్ళ వయసులో, మాంగ్ మహర్ల కష్టాల మీద వ్యాసం రాసింది. 1855లో జ్ఞానోదయ పత్రిక దాన్ని అచ్చువేసింది. నూట డెబ్భై ఏళ్ళయినా ఆ పిల్ల పేరు చెప్పుకుంటున్నాం. అచ్చులో పేరుంటే అంత బలం. లేకపోతే మనిషి "తదితరులు"లో కలిసిపోతాడు.

మా కుర్రాళ్ళు కొందరు ఇంకో మాట అంటున్నారు. "వాళ్ళ పుస్తకంతో మనకేం పని? బహిష్కరిద్దాం" అని. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ తమ్ముళ్ళారా, ఆలోచించండి. అది వాళ్ళ పుస్తకం ఎట్లా అవుతుంది? అది సర్కారు బడి. ఫ్లెక్సీ మీద బొమ్మలున్న పెద్దమనుషుల మనవలు ఒక్కరన్నా ఇవాళ ఆ బళ్ళో ఉన్నారా? అందరూ కాన్వెంటు బస్సెక్కి పోతున్నారు. ఆ బెంచీల మీద ఇవాళ కూర్చుంటున్నది మన పిల్లలూ, మనలాంటి పేదోళ్ళ పిల్లలే. బడి మనది. పుస్తకమూ మనదే. మనది మనం వదులుకోవటం బహిష్కారం కాదు.

కమిటీ ముందు మేం పెడుతున్న కోర్కెలు ఇవి:

1. అడ్మిషన్ రిజిస్టరు తియ్యండి. బడి పెట్టిన ఏడాది నుంచీ చేరిన ప్రతి ఒక్కరి పేరూ వెయ్యండి. కులం గడి వద్దు, పేరు చాలు.

2. మధ్యలో మానేసినవాళ్ళని వదలొద్దు. ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే వెయ్యండి. బడి చరిత్ర అంటే పాసయినవాళ్ళ చరిత్రే కాదు.

3. బడి ఊడ్చిన ఆమె, మధ్యాహ్నం అన్నం వండే ఆమె, వాళ్ళ పేర్లూ ఫోటోలూ ఉండాలి. వంటపనిలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన బళ్ళో అది అమలయిందో లేదో ఆ ఒక్క పేజీ చెప్తుంది.

4. ఇప్పుడు చదువుతున్న పిల్లల రాతలకి పేజీలు కేటాయించండి. పల్లె మాటల్ని దిద్ది, ఉతికి, ఇస్త్రీ చెయ్యొద్దు.

5. ప్రకటనల డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, లెక్క రాసి బడి గోడకి అంటించండి. చదువుకునే ప్రతి పిల్లకీ పిల్లాడికీ కాపీ ఉచితంగా ఇవ్వండి.

ఇక మన పని. క్రిస్మస్‌కి ఇంటిమీద స్టారు కట్టిన రోజు నుంచి కనుమ దాకా మనవాళ్ళంతా పల్లెకి వస్తారు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, హాస్టళ్ళ నుంచి. ఇంతమంది ఒక్కచోట మళ్ళీ దొరకరు. ప్రతి పల్లెలో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. ట్రంకుపెట్టెల్లో ఉన్న ఫోటోలు తీయించండి. సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యండి. పెద్దవాళ్ళని అడగండి. ఎక్కడ కూర్చోబెట్టారు, ఎక్కడ నీళ్ళు తాగారు, ఎందుకు మానేశారు? కడుపులో పెట్టుకుని చదువు చెప్పిన మాస్టారు ఉంటే ఆయన పేరు కూడా రాయండి. మంచిని దాచే అలవాటు మనకొద్దు. రాసిందంతా భోగికి వారం ముందే కమిటీకి కాగితం మీద ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు.

వేస్తే సంతోషం. పల్లెలో ఇంటికో కాపీ మేమే దగ్గరుండి కొనిపిస్తాం. వెయ్యకపోతే మన పుస్తకం మనమే వేసుకుందాం. ప్రెస్సుకి డబ్బుల్లేకపోతే జిరాక్సు తీద్దాం. వాళ్ళ సంచిక విడుదలయ్యే రోజునే, అదే బడి గేటు ముందు, ఆ పెద్దమ్మ చేత విడుదల చేయిద్దాం. 1995లో "చిక్కనవుతున్న పాట" వచ్చినప్పుడు మన కవులు ఎవరి పుస్తకంలోనో జాగా కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

ఈ సెలవుల్లోనే డిసెంబరు 25 ఉంది. 1927లో ఆ రోజున మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టారు. ఈ సెలవుల్లోనే జనవరి 3 ఉంది, చదువులతల్లి సావిత్రిబాయి పుట్టినరోజు. మనల్ని చదువుకి దూరం పెట్టిన పుస్తకాన్ని కాల్చిన రోజుకీ, సంక్రాంతికీ మధ్య మూడు వారాలే ఉన్నాయి. మన పేరున్న పుస్తకం తయారుచెయ్యటానికి అవి చాలు.

పేరు పేరునా రాయండి! "తదితరులు" కొట్టెయ్యండి!

జై భీమ్!