వేగమా? నిగ్రహమా?

ఇటీవల మా తరగతిలో ఇద్దరు విద్యార్థులు ఒక చిత్రపుస్తకమును ముందుంచుకొని వాదులాడుచుండిరి. ఇంగ్లండు దేశపు రెండు స్పోర్ట్సు కార్లలో ఏది గొప్పదను విషయమై వారికి తగవు. ఒకటి 1945 మొదలు 1949 వరకు ఆబింగ్డన్ పట్టణమున తయారైన ఎం.జి. టి.సి. రెండవది 1961లో జెనీవా ప్రదర్శనలో లోకమునకు పరిచయమైన జాగ్వార్ ఇ-టైప్. తీర్పు మమ్ము చెప్పుమనిరి. మేము చెప్పినది తలిదండ్రులును చదువవలెనని యిచట వ్రాయుచున్నాము.

అంకెలను చూచిన తగవే లేదు. టి.సి. ఇంజను బలము 54 గుఱ్ఱములు; ఇ-టైప్ బలము 265గా ప్రకటింపబడినది. మొదటిది గంటకు ఇంచుమించు 120 కిలోమీటర్లు పోగా, రెండవది 240 పోగలదని ప్రసిద్ధి కెక్కినది. కాని యుద్ధము ముగిసిన యేడే, కొయ్య ఎముకలకు రేకులు తొడిగి చేసిన బండిని, పదునారేండ్ల తరువాతి బండితో అంకెలలో తూచుట తాతను మనుమనితో పరుగుపందెమునకు నిలుపుట వంటిది. అమెరికావారికి స్పోర్ట్సు కార్లపై మోజు పుట్టించినవానిలో ఆ చిన్న టి.సి. యొకటి. దాని కాలమునకు అది గొప్పదే.

మరి ఈ నడుమ కాలములో జరిగిన నిజమైన అభివృద్ధి యేది? వేగము కాదు, బ్రేకు అని మా అభిప్రాయము. టి.సి.కి డ్రమ్ము బ్రేకులు. మూసిన డ్రమ్ములో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. పలుమారు నొక్కినచో పట్టు సడలును. ఇ-టైప్ నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు. తెఱపిగా తిరుగు పళ్లెమును రెండు ప్రక్కల నుండి పట్టి ఆపును. గాలి తగిలి చల్లబడును. అట్టి బ్రేకులతోనే జాగ్వార్ వారి సి-టైప్ కారు 1953లో లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచినది. బాగుగా ఆగగలదు గనుకనే మలుపు దగ్గఱ దాక ధైర్యముగా పోగలిగినది.

విద్యార్థులారా! వేగము రెట్టింపైనచో, అదే బ్రేకుతో ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. ఇది మీ భౌతికశాస్త్రములోని లెక్కయే. ఆ లెక్క తెలిసినవారు ఇంజనుతో పాటు బ్రేకును కూడ పెంచిరి. మన బెంగుళూరులో పగలు బండ్లు నత్తనడక నడచును. రాత్రి బాట ఖాళీ కాగానే కొందరు యువకులు మోటారు సైకిలు ముందుచక్రమును గాలిలోని కెత్తి పరుగులు తీయుదురు. బాటను తాకని చక్రమునకు బ్రేకు ఉండియు లేనట్లే గదా!

తలిదండ్రులకు ఒక మనవి. పదవ తరగతి పిల్లవాడు తండ్రిగారి గేరు బండిపై బడికి వచ్చుట మేము కన్నులార చూచితిమి. పదునెనిమిదేండ్లు నిండనిదే గేరు బండి నడుపరాదు. పిల్లవాడు నేరము చేసినచో, 2019లో సవరించిన చట్టము ప్రకారము సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు చెరయు విధింపవచ్చును. జరిమానా కట్టుకొనవచ్చును, పోయిన బిడ్డను తెచ్చుకొనలేము.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలనిరి. మేము అంతవరకు పోము. పరుగెత్తుడు, పాలే త్రాగుడు. కాని నిలబడుట నేర్చిన పిమ్మటనే పరుగెత్తుడు. మా తీర్పు ఇదియే.