బండిని లేపితే బాట బాగుపడదు

పాత పికప్ బండి కొన్న రైతుకు మొదట వచ్చే ఆలోచన ఏమిటో మీకు తెలియనిది కాదు. వెనుక కమానుకు రెండు పట్టీలు ఎక్కించాలి, బండిని నాలుగంగుళాలు లేపాలి, ఇంకాస్త పెద్ద టైర్లు వేయాలి. ఇక ఎంత బురదైనా, ఎంత గుంతైనా బండి కల్లం దాకా పోయి వస్తుందని నమ్మకం. ఒక్క పూటలో చేసిస్తామనే మిస్త్రీలకూ కొదవ లేదు. ఆ పని చేయించే ముందు కొంచెం ఆగమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

రైతు బాధ అబద్ధం కాదు. పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, పాలిష్ పట్టించే రోజుల్లోనే మన జిల్లాలో అకాల వానలు పడతాయి. మార్చి, ఏప్రిల్‌లో మొగులు పట్టిందంటే గంటలో బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డు దారి పట్టాల్సిందే. తడిసిన కొమ్ముకు ధర ఎంత పలుకుతుందో చెప్పనక్కర లేదు. డిచ్‌పల్లి వైపు చల్కల్లో, మొరం నేలల్లో బండి ఎట్లాగో వెళ్లిపోతుంది. బోధన్, రెంజల్ వైపు నల్లరేగడిలో అట్లా కాదు. నాలుగు చినుకులు పడితే చాలు, మట్టి చక్రానికి చుట్టుకుని ముద్దవుతుంది. పైగా 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది చెరుకు వదిలి వరికి, సోయాకు మళ్లారు. ఈ పంటను నాలుగు బస్తాలు, పది బస్తాలుగా యార్డుకు తేవాలంటే ట్రాక్టరు కంటే పికప్పే తేలిక. అందుకే అన్ని ఊళ్లల్లో పాత పికప్‌లు కనిపిస్తున్నాయి.

ఇక టైర్ల సంగతి చూద్దాం. టైరు పక్కన 215/75 ఆర్ 15 అని రాసి ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో నూటికి 75 వంతులు పక్కగోడ ఎత్తు. 15 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క కడితే ఈ టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే 733 అవుతుంది. తేడా 30 మిల్లీమీటర్లు. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి అందులో సగమే, అంటే 15 మిల్లీమీటర్లే పైకి లేస్తుంది. అర అంగుళం కంటే కాస్త ఎక్కువ. నాలుగు టైర్లకు అంత డబ్బు పోసి కొన్నది ఈ అర అంగుళమే.

దాని కోసం వదులుకునేది వేరే ఉంది. చక్రం పెద్దదైన కొద్దీ ఇంజనుకు లాగుడు తగ్గుతుంది. బురదలో ఫస్టు గేరులో కదలాల్సిన చోట క్లచ్చు సగం తొక్కి లాగిస్తారు. రెండు సీజన్లు తిరగకుండానే క్లచ్చు ప్లేటు కాలిపోతుంది. మీటరులో 60 చూపిస్తుంటే బండి నిజానికి 62, 63లో పోతుంటుంది. ఇంకో మాట. మన పికప్‌లు ఎక్కువగా వెనుక చక్రాలతో నడిచేవే. ఖాళీ బండికి వెనుక బరువు ఉండదు, టైరు ఎంత పెద్దదైనా నిలిచిన చోటనే గిర్రున తిరుగుతుంది. గాళ్లలో రేగడి మట్టి నిండిందంటే కొత్త టైరూ గుండు టైరూ ఒకటే.

పట్టీలు ఎక్కిస్తే ఎత్తు వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ దేనికి? పట్టీలు ఎక్కించినా, ఇరుసుకు కమానుకు మధ్య దిమ్మె పెట్టినా లేచేది చాసిస్, పైన బాడీ. బురదలో గెట్టుకు తగిలేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్. అది ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి క్రాసులు తొందరగా అరుగుతాయి. బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. లైట్లు పైకి లేచి ఎదురుగా వచ్చే వాని కళ్లల్లో కొడతాయి.

మిస్త్రీలు చాలామంది చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. చాలా పికప్‌లలో వెనుక ఇరుసు నుంచి చాసిస్ మీద బ్రేకు వాల్వుకు ఒక కడ్డీ ఉంటుంది. లోడు ఎక్కి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. మీరు బండిని లేపి కడ్డీని సరిచేయకపోతే, టన్నున్నర బరువు పెట్టినా ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనే అనుకుంటుంది. వెనుక బ్రేకు సరిగా పట్టదు. పొలం బాటలో ఇది తెలియదు. డిచ్‌పల్లి దగ్గర 44వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి, ముందు లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు తెలుస్తుంది.

బరువు సంగతీ అంతే. రెండు పట్టీలు ఎక్కువైతే రెండు క్వింటాళ్లు ఎక్కువ వేయవచ్చని లెక్క వేస్తున్నారు. కమాను మోస్తుంది సరే, బేరింగులు, బ్రేకులు, ఇరుసు పాతవే కదా! గడ్డిబండి గెట్టు ఎక్కినప్పుడు ఎందుకు పక్కకు వాలుతుందో మన పెద్దలకు తెలుసు. బరువు ఎంత పైన ఉంటే బండి అంత తొందరగా పడుతుంది. కచ్చరం చక్రాలు ఎత్తుగా ఉండేవి నిజమే, అయితే అది ఎడ్ల నడకతో పోయేది. పికప్ 80లో పోతుంది.

ఆ బాడీలో బస్తాలే ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. నాట్లకు, పసుపు తవ్వకాలకు ఆడకూలీలను అందులోనే నిలబెట్టి తీసుకుపోతున్నాం. 2022 మే 8న కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర జనం ఎక్కిన సరుకుల బండి, లారీ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. దానికీ ఎత్తు పెంచడానికీ సంబంధం లేదు. సరుకుల బండిలో మనుషులను ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పడానికే ఆ సంగతి ఎత్తాను. అట్లాంటి బండిని మళ్లీ నాలుగంగుళాలు లేపి, బ్రేకు తగ్గించి, మనుషులను ఎక్కించడాన్ని ఏమనాలి?

చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ కాగితానికి తేడా వచ్చేట్టు బండిని మార్చవద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అని రాశారు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేదీ ఇదే.

మరి ఏం చేయాలి? పాత బండి కిందికి కనిపించడానికి చాలాసార్లు కారణం టైర్లు చిన్నవి కావడం కాదు, ఏళ్ల తరబడి మోసి కమాన్లు చతికిలబడటం. పట్టీలు విప్పించి చూడండి. పగిలినవి మార్చి, మిగతా వాటికి మళ్లీ వంపు కొట్టించండి, లేదా అదే బండికి వచ్చే కొత్త సెట్టు వేయించండి. బుష్‌లు, యు బోల్టులు కొత్తవి వేయించండి. బండి కంపెనీ ఇచ్చిన ఎత్తుకు వస్తుంది, బ్రేకు కడ్డీకి తేడా రాదు. టైర్లు కంపెనీ చెప్పిన సైజులోనే లోతు గాళ్లవి తీసుకోండి. నల్లరేగడిలో వాన పడితే ట్రాక్టరు ట్రాలీలో బస్తాలు తారురోడ్డు దాకా తెచ్చి అక్కడ పికప్‌లోకి మార్చండి. రెండుసార్లు హమాలీ పడుతుందంటారు. పడుతుంది. క్లచ్చు ప్లేటుతో పోల్చి చూసుకోండి.

అసలు పని బాటది. బాట మీద నీళ్లు నిలవడమే రోగం. పక్కన కాలువ తీసి, నీళ్లు దాటే చోట సిమెంటు పైపు వేసి, పైన మొరం పోస్తే మామూలు పికప్పే పోతుంది. 2005 చట్టం తర్వాత ఉపాధి హామీ పనుల్లో ఇట్లా పొలం బాటలు వేసుకున్న ఊళ్లున్నాయి. చాలా ఊళ్లల్లో డొంకను ఇటు ఒక సాలు, అటు ఒక సాలు దున్నుకుని మనమే సన్నం చేశాం, అది ఒప్పుకోకుండా అధికారులను తిట్టి లాభం లేదు. ముందు రెండు పక్కల రైతులు కూర్చుని హద్దులు పెట్టుకోండి. పాత నక్షా చూసి బాట వెడల్పు, సర్వే నెంబర్లు కాగితం మీద రాసి గ్రామసభలో పెట్టండి. పసుపు అమ్మకాలు అయిపోయాక ఏప్రిల్ చివరలో అడిగితే, తొలకరి లోపు మొరం పడే వీలుంటుంది.