ఊరి ముందట లెక్క చదవాలె

లంచం అనంగనే మన ప్రభుత్వాలకు తోచే మందు రెండే రకాలు. మనిషిని తీసెయ్యాలె, లేకుంటే మిషన్ పెట్టాలె. నలభై ఏండ్ల సంది తెలంగాణ రైతు మీద ఇదే ప్రయోగం నడుస్తున్నది. 1984ల పటేల్, పట్వారీలు పోయిన్రు. 2020 సెప్టెంబర్‌ల చట్టం తెచ్చి వీఆర్వోలను ఎత్తేసిన్రు. అదే ఏడు అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి జాగల భూభారతి వచ్చింది. ఆ ఏడే గ్రామ పాలన అధికారుల పేరు మీద మనుషులు మళ్ల ఊళ్లకు వచ్చిన్రు. కుర్చీలు మారినయి, కంప్యూటర్లు మారినయి. చెయ్యి తడపనిదే ఫైలు కదలదన్న మాట మాత్రం పోలేదు. ఎందుకు పోలేదు?

లంచం చీకట్ల పుడ్తది. పహాణీ పట్వారీ మూటల ఉన్నప్పుడు అండ్ల తన పేరున్నదో లేదో రైతుకు తెల్వకపోయేది. ఆ తెల్వకపోవుడే పట్వారీకి సంపాదన. ధరణిల రైతు తన ఖాతా చూసుకోగలిగిండు గాని దిద్దించుకోలేకపోయిండు. విస్తీర్ణం తప్పు పడ్డా, పట్టా భూమి నిషేధిత జాబితాల పడ్డా కలెక్టరేట్ దాక తిరగవలసి వచ్చింది. రెవెన్యూ కోర్టులను సుత 2020 చట్టమే ఎత్తేసింది. తప్పు చేసింది దఫ్తరు, తిరిగింది రైతు. పని ఎన్నడైతదో చెప్పే దిక్కు లేనికాడ 'నేను చేపిస్త' అనే దళారి పుట్టక ఏం జేస్తడు? భూభారతి చట్టం అప్పీలును మళ్ల తెచ్చింది. మంచిదే. కాని అప్పీలు కూడా దఫ్తరు లోపలి తొవ్వనే.

చీకటిని బయటి నుంచి కొట్టిన తొవ్వ మనకు కొత్తది కాదు. 2006ల ఉమ్మడి రాష్ట్రంల ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. ఊరి పిల్లలే మస్టర్ రోల్ పట్టుకొని ఇంటింటికి తిరిగిన్రు. 'నీ పేరు మీద ఇన్ని దినాల పని రాసిన్రు, చేసినవా? పైసలు ముట్టినయా?' అని అడిగిన్రు. మండలంల ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందటనే ఆ లెక్కలు చదివిన్రు. దొంగ మస్టర్లు బయట పడ్డయి. అయితే తేలిన సొమ్ముల తిరిగి వసూలైంది తక్కువే. దొంగతనం చూపెట్టే హక్కు ఊరికి దొరికింది, శిక్ష మాత్రం మళ్ల ఫైళ్లల్లకే పోయింది.

అసలు జబ్బు ఈడనే ఉన్నది. సమాచార హక్కు చట్టం కింద 30 దినాల్ల జవాబియ్యని అధికారికి రోజుకు 250 రూపాయల లెక్కన 25 వేల దాక జరిమానా వెయ్యొచ్చు. మరి వేసేదెవరు? 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాక తెలంగాణ సమాచార కమిషన్‌ల కమిషనర్లే లేరు. ఏసీబీకి దొరికిన ఉద్యోగిని కోర్టుల నిలబెట్టాలంటే సర్కారు అనుమతి కావాలె. ఆ సంగతి మూడు నెలల్ల తేల్చే ప్రయత్నం చెయ్యాలని 2018 సవరణ చట్టం చెప్పింది. ఎన్ని ఫైళ్లు గడువు దాటినయో సర్కారు ఏటేటా అసెంబ్లీల చెప్పాలె.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏడాదికొక్కసారి గ్రామసభల సర్వే నంబర్ల వారీగా ఊరి భూమి లెక్క చదవాలె. ప్రతి దరఖాస్తుకు రశీదు, గడువు ఉండాలె. గడువు దాటితే కారణం రాసియ్యాలె. కారణం లేకుంటే జీతంల కోత పడాలె.

ఉద్యోగ మిత్రులారా, 2011ల 42 దినాలు సకల జనుల సమ్మె చేసిన చరిత్ర మీది. లంచం ముట్టని ఉద్యోగికి ఈ లెక్కతోని భయం లేదు, గౌరవమే పెరుగుతది. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క గ్రామసభల కూసోండ్రి. ఒక్క కాయితం అడుగుండ్రి.

మన ఉద్యమం లెక్కలడిగి పెరిగిన ఉద్యమం. 1985 నాటి 610 జీవో పట్టుకొని మా కొలువులెక్కడ అని నిలదీసినం. 2001ల గిర్‌గ్లానీ కమిషన్ పడేదాక పోయినం. ఆనాడు సెక్రటేరియట్‌ను లెక్క అడిగినోళ్లం, ఇయ్యాల తహసీల్ ఆఫీసును అడగలేమా?