పట్టుచీరకు పరుగెందుకు?

చేనేత ఫ్యాషన్ షో అనగానే మన నిర్వాహకులకు ముందు గుర్తొచ్చేది వేదిక. తర్వాత లైట్లు. ఆ తర్వాత షోస్టాపర్‌గా ఏ హీరోయిన్ వస్తుందన్నది. సంగీతం ఊసు ముందురోజు సాయంత్రం గానీ రాదు. "అన్నా, మంచి ఊపున్నది ఓ పదిహేను నిమిషాలు కొట్టెయ్" అని ఫోన్ చేస్తారు. హైదరాబాద్‌లో ఇలాంటి షోలకు ట్రాకులు కట్టేవాణ్ని కాబట్టి చెబుతున్నాను, చీర అందాన్ని తినేస్తున్నది ఆ ఊపే.

గద్వాల చీరనే తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. నిమిషానికి 120 దెబ్బల హౌస్ బీట్ పెట్టి దెబ్బకో అడుగు వేయిస్తే కుచ్చిళ్లు విచ్చుకునే వ్యవధే ఉండదు. కొంగు లేచి కిందికి దిగేలోపు మోడల్ వెనక్కి తిరిగిపోతుంది. అదే లయను 85, 90కి దించి చూడండి. అడుగు పడ్డాక అంచు చీలమండ మీద వాలుతుంది, జరీ మీద లైటు పాకుతుంది. ముందు వరసలో కూర్చున్నావిడ అది కోటకొమ్మ అంచని పోల్చుకుంటుంది. చీర కొనేది ఆవిడే కదా!

నాకు ఐదు దెబ్బల ఖండచాపు తాళం ఇష్టం. ఐదు అడుగులకోసారి గట్టి దెబ్బ పడితే, ఒకసారి కుడికాలి మీద, మరుసారి ఎడమకాలి మీద పడుతుంది. నడకకు తెలియకుండానే ఓ వయ్యారం వస్తుంది. నాలుగు దెబ్బల లయకు అలవాటుపడ్డ మోడళ్లు మొదట గొణుగుతారు, రిహార్సల్ అయ్యేసరికి కుదురుకుంటారు.

ఇక పాట ఏదన్నది. మన చెవికి ఏ సంగీతమూ ఒంటరిగా రాదు, ఏదో జ్ఞాపకాన్ని వెంటబెట్టుకొస్తుంది. పెళ్లి చీరలు కదా అని గట్టిమేళం మోగిస్తే జనం అక్షింతల కోసం తడుముకుంటారు. హిట్ సినిమా పాట పెడితే ఎదురుగా నడిచే అమ్మాయిని వదిలేసి తెరమీది హీరోయిన్‌ను తలుచుకుంటారు. 1991లో మిలాన్‌లో వెర్సాచీ షో చివర నవోమీ క్యాంప్‌బెల్, సిండీ క్రాఫర్డ్, లిండా ఇవాంజెలిస్టా, క్రిస్టీ టర్లింగ్టన్ జార్జ్ మైకేల్ 'ఫ్రీడమ్' పాటకు పెదవులు కదుపుతూ వచ్చారు. ఆ పాట వీడియోలో కనిపించిందీ వాళ్లే, అందుకే అతికింది. ఐటెం పాటకూ పోచంపల్లి ఇక్కత్‌కూ ఏం చుట్టరికం?

మగ్గం చప్పుడు రికార్డు చేసి దానికింద డ్రమ్స్ పరిచి 'చేనేత సంగీతం' అనడం ఈ మధ్య ఫ్యాషనైంది. నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకు తనదైన నడక ఉంది. నేతగాడు పోగు తెగితే ఆగుతాడు, కండె మార్చుకుంటాడు. దాన్ని కత్తిరించి నాలుగు దెబ్బల్లో ఇరికించాక మిగిలేది కంప్యూటర్ చప్పుడే.

పారిస్‌లో షో సంగీతాన్ని పూటపనిగా చూడరు. షానెల్ షోల సంగీతానికి డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ దాదాపు మూడు దశాబ్దాలు మిషెల్ గోబేర్‌నే నమ్ముకున్నాడు. 2025 జూన్‌లో లూయీ విటాన్ భారతీయ వాసనలతో మగవారి దుస్తుల షో చేసినప్పుడు ఏ.ఆర్. రెహమాన్‌తో కలిసి కొత్త పాటే కట్టించుకున్నారు. మనకంత డబ్బు లేదనకండి. మంగళగిరి నూలుకు కంజీర, మోర్సింగ్ వాయించే ఇద్దరు చాలు. గద్వాలకు మంద్రంలో ఓ వీణ, వెనక మృదంగం. వాళ్లకయ్యేది షోస్టాపర్ మేకప్ ఖర్చుతో పోలిస్తే ఏపాటి? పైగా రికార్డు చేసిన పాటను బహిరంగంగా వాడాలంటే లైసెన్సు తీసుకోవాలి, ఆ రుసుమూ కట్టాలి.

డప్పు కళాకారులను పిలిచి గేటు దగ్గర అతిథుల స్వాగతానికి వాయింపజేసి, లోపల డీజేను కూర్చోబెట్టడం మాత్రం మానేయండి. పిలిస్తే ర్యాంపు పక్కన కూర్చోబెట్టండి, షో అంతా వాయించనివ్వండి.

వచ్చే సీజన్ షోలకు ఇప్పటి నుంచే హాళ్లు మాట్లాడుకుంటున్న నిర్వాహకులకు ఒక్క మనవి. బేలు విప్పిన రోజే ఒక చీరను సంగీతం కట్టేవాడి దగ్గరికి పంపండి. దాన్ని కట్టుకుని ఎవరైనా నాలుగడుగులు నడిచి చూపిస్తే, ఏం వాయించాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.