పరీక్షలో తప్పిన చేయి



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరములలో నొకటి నాలుగు దినములుగా నా బల్లమీద తెరచియే యున్నది. వ్రాసినది ఒక తల్లి. ఆమె కుమార్తెకు ఇరువది యేండ్లు. చిన్ననాటినుండి చేతికి చిక్కిన కాగితము నెల్ల బొమ్మలతో నింపుచు, ముగ్గులలోని మెలికలను బట్టలమీది లతలుగా మార్చి గీయుచు పెరిగిన పిల్ల. చిత్రకళాశాలలో ప్రవేశమునకై వ్రాసిన పరీక్షలో తప్పినది. అంతటితో పోక, తాను గీసిన ఆరు నమూనాలను ఒక బట్టల వర్తకునికి చూపగా, ఆయన "చూచి చెప్పెదను, ఉంచి పొమ్ము" అని పుచ్చుకొనెనట. మూడు నెలలకు అందులో రెండు, రంగుమాత్రము మారి, బజారులోని చీరల అంచులమీద కనబడెనట. పైకము లేదు, పేరు లేదు. "ఇంక ఈ బొమ్మల పిచ్చి చాలించి బి. ఎడ్. చదువుమని మావారు పట్టుపట్టుచున్నారు. పిల్ల సరిగా అన్నము తినుట లేదు. నేనెవరి ప్రక్కన నిలువవలెను?" అని ఆ తల్లి అడుగుచున్నది.

దీనికి ఔననియో కాదనియో ఒక్కమాటలో బదులు చెప్ప నాకు ధైర్యము చాలదు. ఆ పిల్ల పనిని నేను చూడలేదు. కాని ఉత్తరము చదువుచుండగా నాకొక ఆంగ్లవనిత జ్ఞప్తికి వచ్చినది. ఆమెయు పరీక్షలో తప్పినదే. ఆమె కథ చెప్పెదను. తల్లియు, వీలైనచో తండ్రిగారును చదువుదురు గాక.

ఆమె పేరు ఎనిడ్ మార్క్స్. 1902 లో లండనులో జన్మించినది. కారల్ మార్క్సునకు దూరపు చుట్టరికమందురు గాని, ఆ సంగతితో ఇక్కడ మనకు పని లేదు. ఇంట కలిమి యుండుటచేత రోడీన్ అను పేరుపొందిన బాలికా పాఠశాలలో చదివి, 1922 లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అను కళాశాలలో చేరెను. తరువాతి కాలమున పేరు గడించిన ఎరిక్ రేవిలియస్, ఎడ్వర్డ్ బాడెన్ ఆమె సహాధ్యాయులు. చిత్రకారుడు పాల్ నాష్ అక్కడ కొంతకాలము బోధించెను.

ఆమెకు కొయ్యచెక్కడము నేర్వవలెనని కోరిక. గట్టి చెక్కను అడ్డముగా కోసి, అద్దమువలె నున్నచేసి, దానిమీద సన్నని ఉలితో గీతలు గీయుట ఆ పని. ఉలి తీసివేసినచోట తెలుపు, మిగిలినచోట నలుపు. పుస్తకములలోని చిన్ని చిత్తరువులు అట్లు అచ్చగును. అయితే ఆమెకు చిత్రలేఖనమే తగినంతగా రాదని చెప్పి ఆ తరగతిలో చేర్చుకొనరైరి. అప్పుడు రేవిలియస్, తరగతి ముగిసి అందరు వెడలిన పిమ్మట, ఆమెను చాటుగా ఆ గదిలోనికి కొనిపోయి తాను నేర్చినది నేర్పెను. ఆమె పేరు నిలిపిన విద్యలలో నొకటి ఆమెకు అట్లు దొంగచాటుగా అబ్బినది.

1925 లో పట్టపరీక్ష. ఆమె నమూనాలలో మనుష్యులు లేరు, చెట్లు లేవు. చుక్కలు, గీతలు, అలలు, గళ్లు. ఇది చిత్రకళ కాదని పరీక్షకులు తప్పించిరి. (మన ముగ్గులను వారి యెదుట పెట్టినచో ఏమనియుందురో గదా!) 1982 లో అదే కళాశాల ఆమెకు గౌరవపట్టమిచ్చినది. అప్పటి కామెకు ఎనుబది యేండ్లు నిండవచ్చుచున్నవి. ఇది విని సంతోషింపవలెనో నవ్వవలెనో నాకు తెలియుట లేదు.

పట్టము లేక బయటికి వచ్చిన పిల్ల ఏమి చేయును? లండనులోనే హ్యాంప్‌స్టెడ్ అను పేటలో ఫిలిస్ బారన్, డొరొతీ లార్చర్ అను ఇద్దరు స్త్రీలు చేతి అద్దకపు పనిశాల నడుపుచుండిరి. ఎనిడ్ అక్కడ చేరెను. ఈ చోట కొంచెము నిలిచి చెప్పెదను, ఏలయన ఇక్కడ మన వాసన తగులును.

డొరొతీ లార్చర్ అంతకు పూర్వమే మన దేశమునకు వచ్చినది. 1909 నుండి 1911 వరకు శ్రీమతి హెరింగ్‌హామ్ అను చిత్రకారిణి అజంతా గుహలలోని చిత్తరువులకు నకళ్లు వ్రాయించినప్పుడు, ఆ బృందములో నందలాల్ బోసుతోను, హైదరాబాదు రాజ్యమునుండి వచ్చిన సయ్యద్ అహమ్మద్, మహమ్మద్ ఫజులుద్దీన్ అను చిత్రకారులతోను కూడి ఈమెయు పనిచేసెను. అజంతా అప్పుడు నిజాముగారి ఏలుబడిలోనిది.

ఇక బారన్ సంగతి. కొయ్య అచ్చులమీద మక్కువతో పని మొదలుపెట్టి, దుకాణపు రంగులు నచ్చక, పాత పుస్తకములు వెదకి నాటురంగులు తానే కాచి చూచెను. ఆ రంగులేవో వినుడు. నీలిమందు. ఎరుపునకు మంజిష్ఠ జాతి వేరు. గోధుమవన్నెకు కాచు, మన తాంబూలములో పడు ఆ కాచే! నలుపునకు ఇనుపనీరును మాచికాయయు. బాలింతల మందులలో నూరెడి ఆ మాచికాయ ఇంగ్లండులో బట్టలకు నలుపు పట్టించుచున్నదని తెలిసినప్పుడు నాకు మా అమ్మమ్మ మందుపెట్టె కన్నులకు కట్టినది.

బందరు అద్దకములో చేయునదియు ఇదే. మాచికాయకు బదులు కరక్కాయ, అంతే భేదము. బట్టను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేసి, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టిన రసముతో అచ్చు వేసినచో, అచ్చు తగిలినచోట నల్లబడును. పటిక నీటితో అచ్చు వేసినచో అప్పటికేమియు కనబడదు; తరువాత చిరువేరుతో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుచును. కరక్కాయలోని వగరును ఇనుమును కలిసియే ఆ నలుపు పుట్టుచున్నవి. అయితే ఆ నలుపే కాలక్రమమున నూలును తినివేయును. మా యింట ఒక పాత బందరు దుప్పటి కలదు. అందులో ఎర్రని పూవులు నేటికిని నిగనిగలాడుచున్నవి. వాని చుట్టునున్న నల్లగీతలు మాత్రము చిల్లులు పడి పోయినవి. గీత పోయి పూవు మిగిలిన ఆ బట్టను చూచినప్పుడెల్ల నాకేదో దిగులు కలుగును.

ఈ బట్టలకై ఆంగ్లేయులు 1611 లోనే మచిలీపట్టణము చేరిరి. తరువాత వారి ఆడువారు మన అద్దకములను విడువక కట్టుచుండుటచేత అక్కడి పట్టు, ఉన్ని నేతగాండ్రు గోలపెట్టగా, 1700 లో దిగుమతిని, 1721 లో వాడుకను శాసనముచేత నిషేధించిరి. రెండువందల యేండ్లకు ఆ దేశపు ఆడుపిల్లలే కాచును నీలిమందును వెదకికొని మరల అద్దకము మొదలుపెట్టిరి.

ఎనిడ్ ఆ పనిశాలలో సుమారొక సంవత్సరము పనిచేసి, పిమ్మట స్వంతముగా పని పెట్టుకొనెను. తానే నమూనా గీయుట, తానే అచ్చు చెక్కుట, తానే బట్ట అద్దుట. మ్యూరియల్ రోజ్ అను వనిత లండనులో నడిపిన లిటిల్ గ్యాలరీ అను దుకాణములో అవి అమ్ముడయ్యెడివి. బట్టలతో పాటు పుస్తకముల అట్టలు, అచ్చుశాలలకు అల్లిక కాగితములు, పిల్లల పుస్తకములకు బొమ్మలు, ఏది దొరకిన అది చేసెను. కొయ్య చెక్కిన చేతికి బట్ట అచ్చును పుస్తకపు బొమ్మయు వేరుగా తోచవు గదా.

1937 లో లండను రైళ్లవారు ఆమెను పిలిచి బండ్లలోని ఆసనములకు బట్ట నమూనాలు కోరిరి. మొకెట్ అను ఆ బట్టకు మఖమలువలె నూగు ఉండును. కొంత నూగు కత్తిరించినది, కొంత కత్తిరింపనిది. అందుచేత ఒకే రంగు రెండు ఛాయలుగా కనబడును. చెప్పుటకు సులభము గాని, ఆ పని కష్టమైనది. ప్రతిదినము వేలమంది కూర్చుండు పీట. పిల్లల బురదకాళ్లు దానిమీదనే. మాసినను మాసినట్లు కనబడరాదు. అందులకు ముదురు లేత వన్నెలు గట్టిగా కలిసిన నమూనా కావలెను. గట్టిగా కలిసినచో ఊగుచున్న బండిలో కన్నులు చెదరి తల త్రిప్పును. పగటి వెలుగులో ఒకతీరు, సొరంగములో దీపపు వెలుగున ఇంకొకతీరు. ఈ పీకులాటనుండియే షీల్డ్ అను ఆమె నమూనా పుట్టినది. పరీక్షకులు కళ కాదన్న చుక్కలును గీతలును నగరమంతటికి ఆసనములైనవి.

యుద్ధము వచ్చినది. నూలు కరవు, కొయ్య కరవు. బాంబులకు ఇండ్లు కూలినవారికిని, క్రొత్తగా కాపురము పెట్టినవారికిని ప్రభుత్వమే యుటిలిటీ అను పేర సాదా సామానులు చేయించినది. 1943 లో గోర్డన్ రసెల్ అను ఆయన ఆ సామానుల బట్టల పని ఎనిడ్‌కు అప్పగించెను. ఆమెకు దక్కినవి నాలుగు వన్నెలు: తుప్పురంగు, ఆకుపచ్చ, నీలము, నూలు సహజవర్ణము. నూలు రెండే రకములు. నమూనా చిన్నదిగా ఉండితీరవలెను.

చిన్నదిగా ఏల? రవిక కుట్టుకొను మీకు వేరుగా చెప్పనక్కరలేదు. పెద్ద పూవుల గుడ్డ తెచ్చినచో భుజముమీద పూవు సగము, వీపుమీద సగము పడకుండ కలుపుటకు ఎంత గుడ్డ వృథా యగునో మీకు తెలియును. పూవు చిన్నదైనచో ఎక్కడ కత్తిరించినను కలియును. కుర్చీలకును అంతే. ఆ నాలుగు వన్నెలతో, ఆ చిన్న గళ్లలో, 1947 వరకు ఆమె సుమారు 30 నమూనాలు నేయించినది. ఒక్కటియు పేదగా కనబడదు. నన్నడిగినచో, ఆమె చేసిన వాటిలో ఇదియే మేలైన పని యందును. కావలసిన రంగులన్నియు ఉన్నప్పుడు అందముగా చేయుట ఒక ఎత్తు. లేనప్పుడు చేయుట మరియొక ఎత్తు.

ఆ యుద్ధకాలముననే పిల్లలకు చిన్న చిన్న పుస్తకములు తానే వ్రాసి బొమ్మలు వేసినది. ఆకాశమున కట్టిన కాపుదల బెలూను కథ 1941 లోనిది. 1944 లో రాయల్ డిజైనర్ ఫర్ ఇండస్ట్రీ అను బిరుదము వచ్చినది. 1952 డిసెంబరు మొదలు వెలువడిన ఎలిజబెత్తు రాణి తపాలాబిళ్లలలో అరపెన్నీ మొదలు రెండు పెన్నీలవరకు గలవాని చుట్టు అల్లిక ఆమెదే. మార్గరెట్ లాంబర్ట్ అను స్నేహితురాలితో కూడి పల్లెజనుల బొమ్మలు, మట్టికుక్కలు, అచ్చుకాగితములు జీవితమంతయు ప్రోగుచేసెను; అవి ఇప్పుడు వార్విక్‌షైర్‌లోని కాంప్టన్ వెర్నీ అను భవనములో నున్నవి. 1998 లో, తొంబదియైదవ యేట, కన్నుమూసెను.

అమ్మా, ఇక మీ సంగతి. ఈ కథలో మీవారికి అనుకూలమైన మాటయు ఒకటి కలదు; దాచను. ఎనిడ్ 1955 నుండి 1965 వరకు క్రాయ్‌డన్‌లోని కళాశాలలో బట్టల, కుండల పనులు నేర్పు శాఖకు అధిపతిగా నుండెను. బోధన ఆమె పనికి అడ్డురాలేదు. కనుక బి. ఎడ్. అనగానే పిల్ల అది చెరసాల యని అనుకొనవలదు. మీవారును బొమ్మలు మానుటయే షరతుగా పెట్టవలదు. ఆ రెండింటిలో నొకటి కోరుకొమ్మనుటవలననే పిల్ల కంచము ముందు కూర్చుండి ఏడ్చుచున్నది. పట్టము కావలెనన్నచో హైదరాబాదులోని నిఫ్ట్‌లో బట్టల నమూనాల విద్య కలదు. ఆ ప్రవేశపరీక్ష మరల వ్రాయవచ్చును. ఈలోపల సెలవులలో బందరు ప్రక్కనున్న పెడనకు తోడుకొనిపోయి అద్దకపు బల్ల యొద్ద నాలుగు దినములు నిలువనిండు. అచ్చుప్రక్కన అచ్చు వేసినప్పుడు తీగ తెగక ఎట్లు కలియునో కాగితముమీద తెలియదు, అక్కడ తెలియును.

ఆ వర్తకుని విషయము వేరు. పిల్లకు కోపము వచ్చుట న్యాయమే. దానిని "పోనిమ్ము" అని మీరు అణచవలదు. మన దేశమున 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము కలదు. నమూనాను ఎవరికిని చూపకముందే నమోదు చేయించినచో పది యేండ్లవరకు హక్కు నిలుచును. మరి అయిదేండ్లు పొడిగింపవచ్చును. చూపిన తరువాత పోయిన చిక్కు ఇదే. ఇకమీదట ఏ నమూనాయైనను అసలు ఇంట నుంచి, నకలు మాత్రము చూపి, పుచ్చుకొన్నవారి చేత తేదీతో ఒక చీటి వ్రాయించుకొనవలెను. వ్రాయుటకు ఇష్టపడని వర్తకుని కొట్టు మెట్లు దిగి రావలసినదే.

బజారుకెక్కిన ఆ రెంటి చిత్తుప్రతులు పిల్లయొద్ద నున్నవా? వాని వెనుక తేదీలున్నవా? ఉన్నచో న్యాయవాదికి చూపదగును. మిగిలిన నాలుగింటిలో ఒకదాని నకలు నాకును పంపుడు. అసలు పంపవలదు.