కొలిమి ఉంటేనే చాకుకు పదును

ఒకే చాకును జీవితాంతం వాడిన పెద్దలు మన జిల్లా పల్లెల్లో చాలామంది ఉండేవారు. మొలతాడుకు కట్టుకున్నా, వక్కల సంచిలో వేసుకున్నా ఆ మడత చాకు ఎప్పుడూ వెంటే. ఎడ్ల పలుపుతాడు కోయాలన్నా, పొగాకు కాడ తుంచాలన్నా, మామిడికాయ కోయాలన్నా, మనుమడి పెన్సిలు చెక్కాలన్నా అదే. పిడి విరిగితే కొత్త పిడి వేయించేవారు. సీల వదులైతే బిగించేవారు. ఆ పెద్దాయన కాలం చేశాక చాకు కొడుకు జేబులో చేరేది.

నేటి యువకులకు ఈ పొదుపు చేతకాదని, వస్తువు చెడగానే పారేసి కొత్తది కొంటారని పెద్దలు తరచు నిందిస్తుంటారు. ఈ నిందలో న్యాయం సగమే. తాతకు పొదుపు గుణం ఉన్నమాట నిజమే. చేతిలో డబ్బులేక తప్పనిసరై చేసిన పొదుపు కూడా అందులో ఉంది. అయితే ఆ గుణానికి ఊరు తోడుగా ఉండేదన్న సంగతిని మనం మరచిపోతున్నాం.

ఆ తోడు ఊరి కొలిమి. పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, నీట ముంచి గట్టిపరచి, తిరిగి కొద్దిగా వేడిచేసి పెళుసుతనం పోగొట్టి కమ్మరి కత్తి తయారు చేస్తాడు. ఆ ఇనుము తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది. కానీ ఎన్నిసార్లు నూరినా పదునెక్కుతుంది. మొక్కవోతే మళ్లీ కొలిమికి తీసుకుపోవచ్చు. పంట నూర్పిడినాడు కమ్మరికి గింజలు కొలిచి ఇవ్వడం ఆనాటి ఆనవాయితీ. అంటే బాగుచేయించుకునే ఏర్పాటు ఊరి కట్టుబాటులోనే ఉండేది.

ఈ మాట చెప్పడానికి నిజామాబాద్ జిల్లా వాసులకు ప్రత్యేకమైన హక్కు ఉంది. కమ్మర్‌పల్లి మండలం కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారు చేసిన ఉక్కు కోసం ఒకనాడు పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది తొలి భాగంలో ఆ పనిని కళ్లారా చూసిన హెన్రీ వాయ్‌సే అనే ఆంగ్లేయుడు దాని వివరాలు రాసిపెట్టాడు. అంతటి పేరున్న జిల్లాలో నేడు కొడవలికి కక్కులు పెట్టించుకోవడానికి రైతు ఊళ్లు తిరగవలసి రావడం విచారకరం.

ఇది రైతు ఒక్కడి సమస్య కాదు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు కత్తెరే ప్రాణం. తునికాకు సాఫీగా తెగకపోతే ఆకు వృథా, వేళ్లకు నొప్పి, కూలికి గండి. సైకిలును స్టాండు మీద నిలిపి పెడలు తొక్కుతూ సాన పట్టే మనిషి వీధిలోకి రాకపోతే ఆ తల్లి కొత్త కత్తెర కొనక తప్పదు. ఆమెను దుబారా మనిషి అనగలమా?

చౌక కత్తి ఏడాదికొకటి చొప్పున కొంటే ముప్పై ఏళ్లకు ముప్పై కత్తులు. వాటి డబ్బంతా ఊరు దాటిపోతుంది. ఒకే కత్తికి సాన పట్టిస్తే ఆ డబ్బు ఊళ్లోనే ఒక కుటుంబానికి కూడు పెడుతుంది. పొదుపుకు, పిసినారితనానికి తేడా ఇక్కడే ఉంది.

ప్రభుత్వానికి ఈ విషయం తెలియదనలేము. వస్తువులు బాగుచేయించుకునే హక్కు పేరిట కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి. కాగితం మీద ఇంత ఉన్నా, కొలిమికి బొగ్గు, కమ్మరికి గిరాకీ లేకపోతే పథకం ఫలించదు.

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. వారపు అంగడిలో కమ్మరికి, సాన పట్టేవారికి, చెప్పులు కుట్టేవారికి, గొడుగులు బాగుచేసేవారికి నీడపట్టున చోటు కేటాయించాలి. వారి వద్ద తైబజారు వసూలు చేయరాదు. పథకం దరఖాస్తులు నింపడంలో పంచాయతీ కార్యదర్శులు వారికి తోడ్పడాలి. కొనేవారు కూడా దుకాణంలో ధర అడిగిన నోటితోనే “చెడితే బాగు చేస్తారా?” అని అడగడం అలవాటు చేసుకోవాలి.

మనుమడికి పొదుపు గురించి నీతులు చెప్పే ముందు అతని చాకు మొద్దుబారితే ఎక్కడికి తీసుకుపోవాలో పెద్దలు చూపించాలి. ఆ చోటు చూపలేనప్పుడు తప్పు అతనిది కాదు.